తినకూడని తోటకూర

మా మేనత్త పోయింది. పోయిన నెల ఒక సోమవారం పొద్దున అత్త దగ్గర పనిచేసే సువార్తమ్మ ఫోన్ చేసి, "అమ్మగారు కుర్చీలో కూర్చునే ఉన్నారండి, ఎంత పిలిచినా పలకట్లేదండి" అంది. నేను ఆగిరిపల్లిలో ఊరగాయ జాడీల బేరంలో ఉన్నాను. స్కూటీ తిప్పుకుని నూజివీడు చేరేసరికి డాక్టరు కూడా వచ్చి వెళ్ళిపోయాడు. వరండాలో పేము కుర్చీలో అత్త, పక్కన సగం తాగిన కాఫీ గ్లాసు. మెడలో గొలుసుకు వేలాడే భూతద్దం పిడికిట్లోనే ఉంది. ఒళ్ళో ఒక తోటకూర ఆకు, వెనక్కి తిరగేసి ఉంది. ఆఖరి నిమిషం దాకా ఆకు ఈనెలు చూస్తూనే ఉందన్నమాట.

ఏడ్చాను. గట్టిగానే ఏడ్చాను. నాకు కోపమొచ్చినా ఏడుపొచ్చినా వీధి చివరిదాకా వినిపించాల్సిందే. కానీ ఈ నాలుగు మాటలు ఏడవడానికి రాయడం లేదు. అత్తని ఎవరు తలుచుకున్నా రెండో నిమిషంలో నవ్వు వచ్చేస్తుంది, దానికి ఎవరూ ఏమీ చేయలేరు.

సమాధుల తోటలో మట్టి వేసి బయటికి వస్తుంటే మా సంఘ పెద్ద నా పక్కన నడవడం మొదలుపెట్టారు. ఆయన బస్సు కండక్టరుగా రిటైరయ్యారు. చర్చిలో అందరికీ ఇప్పటికీ కండక్టరు గారే. గొంతు తగ్గించి, "అమ్మాయ్, ఈసారి కోత పండక్కి ఆ కట్ట ఎవరు పాడతారు?" అని అడిగారు. అంత ఏడుపులోనూ నాకు నవ్వొచ్చింది. నిజమే కదా, ఎవరు పాడతారు?

ఆ కట్ట సంగతి చెప్పాలంటే ముందు నేల సంగతి చెప్పాలి.

ఆగిరిపల్లి రోడ్డు పక్కన మా తాత మామిడి తోటలో అత్త వాటాకి ఒక ముక్క వచ్చింది. అత్త ఆడపిల్లల కాలేజీలో బోటనీ చెబుతూ పిల్లలతో, మొక్కలతో, తన పాత స్కూటీతో తీరిక లేకుండా ఉండే రోజుల్లో, ఆ ముక్కని నాన్నే చూసేవారు. చూసి చూసి, కుళాయిలకీ బండ్ల సామానుకీ నికెల్ పూత వేసే ఒక చిన్న షెడ్డుకి అద్దెకిచ్చారు. మెరిసిపోయే కుళాయిలు ముందు గేటులోంచి వెళ్ళేవి. పూత వేసిన నీళ్ళు వెనక కాలవలోంచి గుంటలోకి పోయేవి. ఆ నీళ్ళు పచ్చగా, పెళ్ళిలో పోసే షర్బత్తులా ఉండేవి. ఏళ్ళు గడిచాక షెడ్డు మూతపడింది, రేకులు ఊడదీసుకుపోయారు. మిగిలిన నేలలో గరిక కూడా మొలవలేదు. చుట్టూ మామిడి చెట్లు కళకళలాడుతుంటే మధ్యలో ఆ ముక్క గుండు కొట్టించినట్టుండేది.

పైన గ్రావెల్ తోలించి ప్లాట్లు వేసేద్దామన్నారు నాన్న. అప్పటికి అత్త కూడా రిటైరైంది. ఆమె సమాధానం నాకు బాగా గుర్తు. "ఒరేయ్ తమ్ముడూ, ఇల్లు కట్టుకున్నవాళ్ళు ముందు చేసే పని ఏంటో తెలుసా? పెరట్లో కరివేపాకు చెట్టు పెట్టడం. వాళ్ళ చారులో ఏం పడుతుందో నువ్వు చెబుతావా, నేను చెప్పనా?" నాన్న నోరు మూసుకున్నారు. మా ఇంట్లో నాన్న నోరు మూయించగల మనిషి అత్త ఒక్కతే.

అలా అత్త ఆ నేల మీద పడింది. పశువుల ఎరువు, సున్నం కలిపి ఒకసారి దున్నించింది. తర్వాత తన హ్యాండ్‌బ్యాగులో ఉన్న గింజలన్నీ చల్లింది. ఆ బ్యాగులో గింజలు, పాలిథిన్ కవర్లు తప్ప దువ్వెన కూడా ఉండేది కాదు. పొద్దుతిరుగుడు, ఆవాలు, బంతి, తోటకూర, గట్ల వెంట వట్టివేరు. మొదటిసారి చాలావరకు పసుపుపచ్చగా మారి వాలిపోయాయి. నేను దిగాలుగా నిలబడితే అత్త మాత్రం మోకాళ్ళ మీద కూర్చుని, భూతద్దం పెట్టి, బతికినవాటిని ఒక్కొక్కటే పలకరిస్తోంది. "ఏరా, నువ్వెలా బతికావురా?" అని. ఏ మొక్కనైనా 'వీడు' అనేది అత్త. చర్చిలో పాస్టరుగారిని మాత్రం అనకుండా జాగ్రత్తపడేది. బతికినవాటి గింజలే దాచి మళ్ళీ చల్లింది. వాటి పిల్లలు ఇంకొంచెం ఎక్కువమంది బతికారు, వాళ్ళ పిల్లలు ఇంకొంచెం. అలా ఏటేటా ఆ గుండు మీద జుట్టు మొలిచింది.

ఎలా బతుకుతాయని అడిగితే అత్తకి పండగే. "మొక్కకి కాళ్ళు లేవు కదే, పారిపోలేదు. అందుకే దానికన్ని తెలివితేటలు" అని మొదలుపెట్టేది. వట్టివేరు ఉంది చూశావా, అది గుమ్మం దగ్గరే ఆపేస్తుందట. లోహాన్ని వేళ్ళలోనే పట్టి ఉంచి పైకి రానివ్వదట. తోటకూర అలా కాదు, లోపలికి రానిస్తుంది. రానిచ్చి, కట్టేసి, ఆకులో ఒక సంచీలాంటి గదిలో పెట్టి మూసేస్తుంది. ఆకు వంట వండుకునే పని ఒక పక్క, ఈ విషం ఒక పక్క. మామిడి తోటల వాళ్ళం కదా, మాకు ఇట్టే అర్థమయ్యేలా చెప్పేది. పురుగు మందు డబ్బా కొంటాం, ఇంట్లోనే పెడతాం, కానీ వంటింట్లో పెడతామా? అటక మీద పెట్టి పిల్లలకి అందకుండా చేస్తాం. తోటకూర చేసేదీ అదే. ఆ అటక కూడా నిండిపోతే ఆ ఆకుని ముసలిదాన్ని చేసి రాల్చేస్తుంది.

ఆ రాలిన ఆకు మళ్ళీ మట్టిలో కలిస్తే చేసిందంతా వృథా. అందుకని అత్త ఆ పొలాన్ని చీపురుతో ఊడ్పించేది. నిజంగానే, వాకిలి ఊడ్చినట్టు. ఆ పనికి సువార్తమ్మని పెట్టింది. సువార్తమ్మ మా చర్చి మనిషే. వేసవిలో తోటల్లో మామిడికాయల కోతకి పోయేది, మిగతా రోజుల్లో ఏ పని దొరికితే ఆ పని. దారిన బండి మీద పోయేవాళ్ళు ఆగి మరీ చూసేవాళ్ళు, పొలం ఊడుస్తున్న ఆడమనిషిని. రాలిన ఆకులు, కోసిన మొక్కలు ఎండబెట్టి డ్రమ్ముల్లో మూసిపెడితే, ప్రమాదకరమైన చెత్త తీసుకునే చోటికి అత్తే దగ్గరుండి పంపించేది. తగలబెట్టనిచ్చేది కాదు, మేకలకి వేయనిచ్చేది కాదు. సువార్తమ్మకి గట్టిగా చెప్పింది, ఇందులో ఒక్క ఆకు కూడా ఎవరూ తినకూడదు, ఇంటికి తీసుకుపోకూడదు అని. ఎందుకో చెప్పలేదు. అక్కడే వచ్చింది చిక్కు.

మా చర్చిలో కోత పండుగ అంటే తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఎవరి చేలో, ఎవరి పెరట్లో పండింది వాళ్ళు దేవుడికి తెస్తారు. వడ్ల బస్తా నుంచి కోడిగుడ్డు దాకా, గుమ్మడికాయ నుంచి గోంగూర కట్ట దాకా. ప్రార్థన అయ్యాక వాటన్నిటికీ వేలం పాట. కండక్టరు గారే పాడించేవారు. "రైట్ రైట్" అని బస్సు కదిలించిన గొంతు అది, చివరి బెంచీలో నిద్రపోయేవాళ్ళు కూడా లేచి పాట పెంచాల్సిందే.

ఆ ఏడాది కొబ్బరికాయలు అయ్యాయి, అరటి గెల అయింది. తర్వాత కండక్టరు గారు ఒక గంప ఎత్తి చూపించారు. గంప నిండా తోటకూర. అబ్బ, ఏం తోటకూరండీ అది! ఒక్కో ఆకు అరిచెయ్యంత, మీద నీళ్ళు చిలకరించి ఉంది. "మన సువార్తమ్మ మొదటిసారి తన చేత్తో పెంచి తెచ్చింది" అన్నారాయన. ఆడవాళ్ళ వైపు ముందు వరసలో సువార్తమ్మ, మడత నలగని కొత్త చీర కట్టుకుని తల వంచుకుని కూర్చుంది. అది ఆ నేలలోని కూరేనని నాకు తెలిసిపోయింది. అత్త వైపు చూశాను. అత్త మొహం తెల్లబోయింది.

తర్వాత తెలిసింది సువార్తమ్మ ఏమనుకుందో. మనిషి తినకూడదు, మేక తినకూడదు, ఒక్క ఆకు బయటికి పోకూడదు, రోజూ కింద ఊడ్చి శుభ్రంగా ఉంచాలి. ఇంకేముంది, అమ్మగారు ఇదంతా దేవుడికి మొక్కుకుని ప్రత్యేకించి ఉంచారని అనుకుంది. అమ్మగారు మర్చిపోయినట్టున్నారు, నేనైనా అందించాలి కదా అనుకుంది. ఆమె ఆలోచనలో ఏం తప్పుంది చెప్పండి? నేనైనా అలాగే అనుకునేదాన్ని.

ఆ నిమిషంలో నేనైతే లేచి అరిచేసేదాన్ని. లేవబోయాను కూడా. అత్త నా తొడ మీద గట్టిగా గిల్లి కూర్చోబెట్టింది. తనే చెయ్యెత్తి, "కట్టలు విడదీయకండి కండక్టరు గారూ, గంప గుత్తగా పెట్టండి. పాట నాది" అంది.

అంతటితో అయిపోయేదే. కానీ మగవాళ్ళ వైపు ఒక మామిడికాయల వ్యాపారి కూర్చునేవారు. తోటల వేలం పాటల్లో పండిపోయిన మనిషి. బోటనీ మేడమ్ గంప గంపంతా కావాలంటోందంటే అందులో ఏదో మహత్తు ఉందనుకున్నారు. పాట పెంచారు. అత్త పెంచింది. ఆయన మళ్ళీ పెంచారు. షుగరుకి పనిచేస్తుందేమోనని వెనక ఎవరో గుసగుసలాడారు. దాంతో ఇంకో ఇద్దరు అందుకున్నారు. అత్త నన్ను ఆ పక్కకి పంపింది, ఆపమని చెప్పి రమ్మని. చర్చి అంతా చూస్తుండగా నడవా దాటి మగవాళ్ళ వైపు వెళ్ళి ఆయన చెవిలో చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ఆపమన్నారంటే కచ్చితంగా ఏదో ఉందన్నమాట" అని ఇంకా పెంచారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అటూ ఇటూ పెరిగి అరటి గెలలకీ, గుడ్లకీ ఎన్నడూ రాని పాట తోటకూరకి వచ్చింది. కండక్టరు గారి ఆనందానికి అంతులేదు. సువార్తమ్మ మాత్రం తలెత్తి, రెండు చేతులూ జోడించి, కళ్ళనీళ్ళు పెట్టుకుని చూస్తోంది, తన కూరకి అంత గొప్ప వచ్చినందుకు. చివరికి వ్యాపారి గారి భార్య ఆడవాళ్ళ వైపు నుంచి ఆయన్ని ఒక్క చూపు చూసింది. ఆయన టక్కున కూర్చున్నారు. గంప అత్తకి దక్కింది.

ఇంటికి వెళ్తూ దారి పొడుగునా నేను విరుచుకుపడుతూనే ఉన్నాను. లేచి ఒక్క మాట చెప్పేస్తే సరిపోయేది కదా, అంత తతంగం దేనికి, ఎవరైనా ఒక కట్ట లాక్కుపోయి పులుసు పెట్టుకుని ఉంటే ఎవరిది బాధ్యత అని. అత్త గంపని స్కూటీ ముందు పెట్టుకుని మెల్లగా నడుపుతోంది. తోట దగ్గర ఆపి దిగాక అంది.

"ఎవరికైనా దక్కి ఉంటే చెప్పేసేదాన్నే పిల్లా. కానీ అంతమందిలో అది విషమని నేనంటే సువార్త మళ్ళీ చర్చి గుమ్మం తొక్కుతుందా? ఇంత మొక్క అంత విషాన్ని ఆకులో దాచుకుని పచ్చగా నిలబడింది. నేను కాసేపు నోట్లో మాట దాచుకోలేనా?"

నేను గంప అందుకుని డ్రమ్ము వైపు నడిచాను.

మర్నాడు సువార్తమ్మని ఆ నేల దగ్గరే కూర్చోబెట్టుకుని అత్త అంతా చెప్పింది. షెడ్డు, పచ్చ నీళ్ళు, ఆకులో అటక, అన్నీ. ఎందుకో చెప్పకుండా వద్దన్నాను, తప్పు నాది అని ఒప్పుకుంది. ఆ తర్వాత ఎవరికి ఏది వద్దని చెప్పినా, ఎందుకు వద్దో కూడా వెంటనే చెప్పేది. మా పిల్లలకి ఐస్‌క్రీము వద్దని చెప్పాలన్నా పాఠం మొదలయ్యేది. సువార్తమ్మ విన్నంతసేపు విని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అయితే దేవుడికి విషం ఇచ్చానాండీ?" అంది.

"మట్టిలోంచి తీసి ఇచ్చావు. దాన్ని ఎక్కడ పెట్టాలో ఆయనకి తెలుసులే" అంది అత్త.

ఆ వచ్చే ఆదివారం ఎవరూ అనుకోనిది జరిగింది. దేవుడు చేసిన మేలుకి సాక్ష్యాలు చెప్పే సమయంలో సువార్తమ్మ లేచి నిలబడింది. జ్వరం తగ్గిందనో, కొడుక్కి ఉద్యోగం వచ్చిందనో చెబుతుందనుకున్నాం. పోయిన వారం తను తెచ్చిన కూర ఎలాంటిదో, అమ్మగారు దాన్ని ఎందుకు పాడారో మొత్తం తనే చెప్పేసింది. ఆఖర్న, "మీరందరూ బాగున్నారు, అదే నా సాక్ష్యమండి" అని కూర్చుంది. మామిడికాయల వ్యాపారి గారు లేచి, భార్య వైపు తిరిగి వంగి దణ్ణం పెట్టారు. ఇక నవ్వులే నవ్వులు. పాస్టరుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది. సువార్తమ్మ కూడా నవ్వింది, తలెత్తుకుని నవ్వింది.

ఇక మీదట ఏమీ తేనన్న సువార్తమ్మని అత్తే బలవంతపెట్టింది. మట్టిలోంచి బయటికొచ్చిన విషమే మన పంట, అది తేకపోతే ఇంకేం తెస్తామంది. అప్పటినుంచి ప్రతి కోత పండక్కి ఆ నేల నుంచి ఒకే ఒక్క కట్ట, పారదర్శకంగా ఉండే కవరులో కట్టి, వేలానికి వచ్చేది. తినకూడదని అందరికీ తెలుసు. అయినా పాట జోరుగా సాగేది. వ్యాపారి గారు ఉత్తినే పెంచేవారు, చివర్లో భార్య వైపు చూసి భయపడ్డట్టు నటించి కూర్చునేవారు. కట్ట అత్తకి వచ్చేది, అక్కణ్ణించి డ్రమ్ములోకి పోయేది. ఏటా అదే వరస, ఏటా అంతే నవ్వు.

నేల బాగుపడిందా అంటే, కొంచెం. పరీక్ష చేయించినప్పుడల్లా కొంచెం తగ్గిందని వచ్చేది. ఆ కొంచానికే అత్త మైసూర్‌పాక్ పంచేది. ఈ లెక్కన నీ జన్మ చాలదు అత్తా అని నేను విసుక్కుంటే, "మొక్కకి లేని తొందర నాకెందుకే" అనేది. కానీ తాత నేలలో పండిన తోటకూరతో ఒక్కసారి పులుసు పెట్టుకుని తినాలని ఆమెకి కోరికగా ఉండేది. అది తీరలేదు. ఇంకోటి తీరింది. ఆ ముక్క గట్టు మీద తాత నాటిన చిన్నరసం మామిడి చెట్టు ఒకటి ఆ పచ్చ నీళ్ళన్నీ తట్టుకుని మిగిలింది. అన్నేళ్ళూ దాని కాయ ఎవర్నీ ముట్టనివ్వలేదు. పోయిన వేసవిలో ఆ పళ్ళు పరీక్షకి పంపించింది. పండులోకి ఏమీ దిగలేదు, తినొచ్చని వచ్చింది. ఆ సాయంత్రం అత్త కొత్త డ్రమ్ము ఒకటి బోర్లేసుకుని దాని మీద కూర్చుని, పండు పిసికి, రసం మోచేతుల దాకా కారుతుంటే అది కూడా నాకేసింది. ఇంత వయసొచ్చి ఏంటి అత్తా ఇది అంటే, "నోరు మూసుకుని నువ్వూ జుర్రుకో" అంది. సువార్తమ్మ, నేను, అత్త, ముగ్గురం చీర కొంగులు పాడుచేసుకున్నాం. అంత తీపి పండు నేను నూజివీడులో పుట్టి పెరిగి కూడా తినలేదు. ఒట్టు.

మొన్న ఆదివారం కోత పండుగ జరిగింది. అత్త లేకుండా మొదటిది. ఆ కట్ట వద్దని చెబుదామనుకున్నాను. నేను పాడదామంటే, పాట మధ్యలో ఏడ్చేస్తానని భయం. ఎవరూ పాడకపోతే ఆ వరస అక్కడితో ఆగిపోతుంది, ఆ నేల మళ్ళీ ఎవరికీ పట్టని గుండు నేల అవుతుంది. తీరా చూస్తే బల్ల మీద కట్ట ఉండనే ఉంది, కవరులో, ఎప్పట్లాగే.

కండక్టరు గారు దాన్ని ఎత్తి పట్టుకున్నారు. నోరు తెరిచారు, మాట రాలేదు. బస్టాండు మొత్తానికి వినిపించే గొంతు అది. అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి, "నా పాటండి" అని వినిపించింది. సువార్తమ్మ చెయ్యెత్తి నిలబడింది. ఎంత పాడిందో చెప్పను, ఆమె ఆ ఏడంతా చీపురు పట్టిన చేత్తో ఎత్తిన పాట అది.

ఇప్పుడు వరస ప్రకారం వ్యాపారి గారు పెంచాలి. అందరం ఆయన వైపు తిరిగాం. ఆయన లేచారు. నేను పళ్ళు బిగబట్టాను, పెంచితే ఊరుకునేదాన్ని కాదు. ఆయన ఒక్క మాట కూడా అనకుండా నేరుగా భార్య వైపు చూసి, ఉలిక్కిపడి, కూర్చున్నారు. నవ్వు మొదట పిల్లల్లో మొదలైంది, తర్వాత చర్చి అంతా పాకింది. కండక్టరు గారు కూడా ఏడుస్తూనే నవ్వి, "రైట్ రైట్" అన్నారు.

సువార్తమ్మ ముందుకెళ్ళి కట్ట అందుకుంది. వస్తుంటే కవరు మూతి దగ్గర నుంచి ఒక ఆకు జారి నడవాలో పడింది. పక్క బెంచీలోంచి ఎవరో తీయబోయారు. "ఉండండి, దాన్ని ముట్టుకోకూడదండి. ఎందుకో కూర్చున్నాక చెబుతాను" అంది. వంగి తనే తీసి, కవరులో వేసి, మూతి ముడేసింది. తర్వాత అత్త ఎప్పుడూ కూర్చునే చోటు దాకా నడిచింది, ఇంకో ఆకు ఏదైనా రాలిందేమోనని అడుగడుగునా వెనక్కి తిరిగి నేల చూసుకుంటూ.